జీవామృతం పాలు కాదు, తోడు: డ్రమ్ములోని పెద్ద అణువుల లెక్క



పైన వీడియోలో డ్రమ్ము కలపడం చూపించాను. దాంట్లో చెప్పిన అంకెలు తొందరగా వెళ్ళిపోయాయని చాలామంది అన్నారు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. చదువుకునే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ళకూ చూపించండి, వాళ్ళ సైన్సు పుస్తకంలో ఉన్న పాఠమే ఇది. కాకపోతే మనం పొలం వైపు నుంచి చదువుతాం.

ప్రతి వానాకాలం ఆగస్టులో నా ఫోనుకు ఒకే రకం ఫొటోలు వస్తాయి. నాటు వేసి ఇరవై, ఇరవై ఐదు రోజులైన వరి, లేత పసుపు రంగులో. కింద ప్రశ్న: "అన్నా, జీవామృతం రెండుసార్లు పారించిన. అయినా పొలం పచ్చగ తిరుగుతలేదు. పక్కోళ్ళ పొలం నల్లగున్నది. ఏం జేయాలె?" ఇట్ల అడిగినవాళ్ళలో కొందరు ఆ వారంలోనే యూరియా బస్తా తెచ్చేస్తారు. ఇంకొందరు పంట చేతికొచ్చాక దిగుబడి చూసుకుని, ప్రకృతి వ్యవసాయమే దండుగ అని మొత్తానికే వదిలేస్తారు. ఆవు అమ్మేసినవాళ్ళు కూడా ఉన్నారు. తప్పు ఆవుది కాదు, డ్రమ్ముది కాదు. డ్రమ్ములో ఏముందో, ఎంత ఉందో లెక్క వేసుకోకపోవడం దగ్గరే అసలు సంగతి ఉంది.

నాలుగు రకాలే

బతికున్న ఏ ప్రాణినైనా తీసుకోండి. వరి మొక్క, పత్తికాయలో పురుగు, వానపాము, ఆవు, మనం. నీళ్ళు తీసేస్తే మిగిలే దాంట్లో ఎక్కువ భాగం నాలుగు రకాల పదార్థాలే: పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, కేంద్రకామ్లాలు (డి.ఎన్.ఏ., ఆర్.ఎన్.ఏ.). వీటినే పుస్తకాల్లో స్థూల అణువులు అంటారు. అంటే పెద్ద అణువులు. కొవ్వు నిజానికి మిగతా మూడింటి లాగా పొడుగు గొలుసు కాదు, కానీ పాఠంలో దాన్నీ ఇక్కడే కూర్చోబెడతారు.

మిగతా మూడూ గొలుసులు. గ్లూకోజుకు గ్లూకోజు అతికితే పిండి. అమైనో ఆమ్లానికి అమైనో ఆమ్లం అతికితే మాంసకృత్తి. ఒక్కో కొక్కెం అతుక్కున్నప్పుడల్లా ఒక నీటి అణువు బయటికి పోతుంది. మళ్ళీ విడదీయాలంటే ఆ నీటి అణువును తిరిగి ఇవ్వాలి, కోయడానికి ఎంజైము అనే కత్తెర కావాలి. గడ్డివాములో పొడిగా ఉన్న గడ్డి ఏండ్లకేండ్లు అట్లనే ఉంటుంది, అదే గడ్డి తడిసి మట్టిలో కలిస్తే కొన్ని వారాల్లో మెత్తబడుతుంది. నీళ్ళు, కత్తెర రెండూ దొరికాయి కాబట్టి.

ఇప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన ముచ్చట. మొక్క ఈ పెద్ద అణువులను తినదు. మనం శనగపిండి పోస్తే వరి వేరు ఆ పిండిని మింగదు. వేరు ప్రధానంగా తీసుకునేది అమ్మోనియం, నైట్రేట్ లాంటి చిన్న చిన్న రూపాలు. గాలిలోని కార్బన్, నేలలోని నీళ్ళు, ఎండ, ఈ చిన్న పోషకాలతో తనకు కావాల్సిన నాలుగు రకాల పెద్ద అణువులనూ తనే కట్టుకుంటుంది. పెద్దవాటిని చిన్నవి చేసే పని సూక్ష్మజీవులది.

పిండిపదార్థం: అన్నమూ అదే, పత్తీ అదే

వరంగల్ వాళ్ళకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. మన రెండు పెద్ద పంటలు వరి, పత్తి. బియ్యంలో నూటికి డెబ్బై ఐదు, ఎనభై పాళ్ళు పిండి. పత్తి దూదిలో నూటికి తొంభై పాళ్ళ దాకా సెల్యులోజు. ఎనుమాముల మార్కెట్లో ఒకటి గింజ లెక్కన, ఒకటి దూది లెక్కన అమ్ముడుపోతాయి గానీ లోపల ఇటుక ఒక్కటే, గ్లూకోజు. అతికిన తీరు వేరు, అంతే. పిండిలో కొక్కెం ఒక వైపు తిరిగి ఉంటుంది, మన కడుపులోని ఎంజైము దాన్ని కోస్తుంది. సెల్యులోజులో ఇంకో వైపు తిరిగి ఉంటుంది, దాన్ని కోసే కత్తెర మన దగ్గర లేదు. ఆవు దగ్గర కూడా లేదు! ఆవు కడుపులో ఉండే సూక్ష్మజీవుల దగ్గర ఉంది. ఆవు గడ్డి తిని పాలివ్వగలుగుతుంది అంటే ఆ జీవుల పుణ్యమే. పెండను మనం డ్రమ్ములో వేసేది అందుకే. పెండ బరువు కోసం కాదు, దాంట్లోని జీవుల కోసం.

పిండిలో కూడా రెండు రకాలున్నాయి. కొమ్మలు లేని గొలుసు అమైలోజు, చెట్టులా కొమ్మలు వేసేది అమైలోపెక్టిన్. అన్నం పొడిపొడిగా ఉండాలన్నా, ముద్దగా కావాలన్నా ఈ రెండింటి పాళ్ళను బట్టే. కొమ్మలున్నది తొందరగా అరిగి గ్లూకోజు అవుతుంది, ఎందుకంటే కత్తెర పెట్టడానికి చివరలు ఎక్కువ. రాజేంద్రనగర్ వరి శాస్త్రవేత్తలు 2015లో విడుదల చేసిన తెలంగాణ సోన (ఆర్.ఎన్.ఆర్. 15048) బియ్యానికి గ్లైసిమిక్ సూచిక దాదాపు 51 అని చెప్తారు. 55 లోపు ఉంటే తక్కువ కింద లెక్క.

నేను బియ్యం అమ్ముతాను కాబట్టి ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. "మీది ప్రకృతి వ్యవసాయం బియ్యం కదా, షుగర్ ఉన్నోళ్ళు ఎంతైనా తినొచ్చా?" అని అడుగుతారు. తినొద్దు. మందులు కొట్టకపోవడం వల్ల పిండి గొలుసు మారదు. అది రకాన్ని బట్టి, పాలిష్‌ను బట్టి, వండిన తీరును బట్టి, అన్నిటికంటే ముందు కంచంలో పెట్టుకున్న ముద్దను బట్టి ఉంటుంది. మన తోటి అమ్మకందారుల్లో కొందరు సంచి మీద "షుగర్ రాదు" అని అచ్చు వేయిస్తున్నారు. అది మన అందరి పేరూ పోగొట్టే పని.

గడ్డి కలిపితే పొలం ఎందుకు పసుపుపడుతుంది

హార్వెస్టర్ పోయాక ఎకరం పొలంలో మిగిలే వరిగడ్డి సుమారు రెండు టన్నులు. దాంట్లో కార్బన్ దాదాపు 800 కిలోలు, నత్రజని 10 నుంచి 12 కిలోలు. అంటే నత్రజని ఒకటైతే కార్బన్ డెబ్బై. సూక్ష్మజీవికి తన ఒళ్ళు కట్టుకోవడానికి, కార్బన్ పాతిక ఉన్న దగ్గర నత్రజని ఒకటి అన్నా కావాలి. గడ్డిలో అంత లేదు. అప్పుడు అది ఏం చేస్తుంది? మట్టిలో ఉన్న నత్రజనిని లాక్కుంటుంది. వరి వేరు, సూక్ష్మజీవి పోటీ పడితే ప్రతిసారీ ముందు తినేది సూక్ష్మజీవే. మీరు జీవామృతం ఇచ్చి ఆ జీవుల సంఖ్య ఇంకా పెంచారు. ఆకలి పెరిగింది, కంచంలో కూర పెరగలేదు. పొలం పసుపుపడ్డది. నీళ్ళు నిలిచిన మడిలో ఈ గుంజుడు కొంచెం తక్కువే, కానీ దమ్ము చేసి వారంలోపే నాటు వేస్తే మాత్రం తప్పకుండా కనిపిస్తుంది.

లాక్కున్న నత్రజని ఎక్కడికీ పోదు. ఆ జీవులు చచ్చాక మళ్ళీ మట్టిలోకి వస్తుంది. కొన్ని వారాలు ఆలస్యం, అంతే. ఆ వారాలు సరిగ్గా మన వరి పిలకలు వేసే వారాలు కావడమే కష్టం. కాబట్టి గడ్డిని తడిపి, జీవామృతం చల్లి, దున్ని కనీసం మూడు వారాలు వదలండి. యాసంగికి చలిలో అయితే ఇంకా ఎక్కువ రోజులు కావాలి, చలికి జీవుల పని మెల్లగ సాగుతుంది. అంత వ్యవధి లేనివాళ్ళు గడ్డిని తీసి మిరప తోటలో, కూరగాయల మడిలో ఆచ్ఛాదనగా పరవండి. పైన పరిచినప్పుడు మట్టితో తగిలేది అడుగు పొరే కాబట్టి గుంజుడు పెద్దగా ఉండదు.

అగ్గి మాత్రం పెట్టొద్దు. గడ్డి కాలిస్తే దాంట్లోని నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. రెండు టన్నుల గడ్డిలో పాతిక కిలోలకు పైగా పొటాష్ ఉంటుంది. బూడిదలో చాలావరకు మిగిలినా, గాలికీ మొదటి వానకీ కొట్టుకుపోయేది కూడా ఉంటుంది.

మాంసకృత్తి: ఇక్కడే అసలు లెక్క

నత్రజని ఉండే పెద్ద అణువుల్లో మొదటిది మాంసకృత్తి. ఇరవై రకాల అమైనో ఆమ్లాల గొలుసు. సగటున దాని బరువులో నూటికి 16 పాళ్ళు నత్రజని. ల్యాబులో మాంసకృత్తిని కొలిచేది కూడా ఇట్లనే, నత్రజని చూసి 6.25తో గుణిస్తారు. మనం తిరగేసి భాగిద్దాం.

సుభాష్ పాలేకర్ గారు చెప్పిన ఎకరం డ్రమ్ము: 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పెండ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు ఒడ్డు మన్ను. రెండు కిలోల శనగపిండిలో మాంసకృత్తి 400 గ్రాముల పైచిలుకు. 6.25తో భాగిస్తే నత్రజని 67 గ్రాములు అనుకోండి. పచ్చి పెండలో నూటికి ఎనభై పాళ్ళు నీళ్ళే, పది కిలోల నుంచి వచ్చే నత్రజని 30, 40 గ్రాములు. పది లీటర్ల మూత్రం నుంచి 80 నుంచి 100 గ్రాములు, మూత మంచిగ లేకపోతే దాంట్లోనూ కొంత అమ్మోనియాగా గాలికి పోతుంది. బెల్లంలో లెక్కలోకి వచ్చేంత లేదు. మొత్తం డ్రమ్ము అటూ ఇటుగా 200 గ్రాములు.

నెలకు రెండుసార్ల చొప్పున నాలుగు నెలలు ఇస్తే ఎనిమిది డ్రమ్ములు. కిలోన్నర కంటే కొంచెం ఎక్కువ.

ఇప్పుడు ఖర్చు వైపు చూడండి. ఒక టన్ను వడ్లు పండించడానికి వరి సుమారు 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. ఎకరానికి 25 క్వింటాళ్ళు అనుకుంటే 40, 50 కిలోలు. మన దగ్గర జమ కిలోన్నర! 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైన ఉంటుంది కాబట్టి పక్కోళ్ళ పొలం నల్లగుంటుంది. దాంట్లో మాయా లేదు, మంత్రం లేదు.

మరి జీవామృతం దండుగనా? కాదు. మా అమ్మ పెరుగు తోడేసేటప్పుడు ఒక్క చెంచా పెరుగు వేస్తుంది. ఆ చెంచాను ఎవరూ పెరుగు లెక్కలో వేయరు. జీవామృతం ఆ తోడు. పాలేకర్ గారు కూడా దాన్ని ఎరువు అనలేదు, సూక్ష్మజీవులను పెంచేది అనే చెప్పారు. బెల్లం వాటికి తొందరగా దొరికే తిండి, పప్పు పిండి వాటి ఒళ్ళు కట్టుకోవడానికి నత్రజని. 48 గంటల్లో అవి విపరీతంగా పెరుగుతాయి. కానీ తోడు వేయడానికి గిన్నెలో పాలుండాలి కదా. పాలు ఎక్కడివి?

మొదటిది మట్టి. ఎకరం నేల పై ఆరు అంగుళాలు దాదాపు 900 టన్నులు ఉంటుంది. సేంద్రియ కార్బన్ నూటికి అర పాలు ఉన్నా, దాంట్లో దాగి ఉన్న నత్రజని 450 కిలోల దాకా వస్తుంది. ఎక్కువ భాగం చచ్చిన జీవుల మాంసకృత్తుల రూపంలోనే. కానీ ఏడాదికి విడుదలయ్యేది నూటికి రెండు మూడు పాళ్ళు, అంటే 9 నుంచి 13 కిలోలు. మన ఎర్ర చెల్కల్లో కార్బన్ ఇంకా తక్కువ, కాబట్టి ఇది కూడా తక్కువే.

రెండోది పప్పుజాతి, నన్నడిగితే అసలు పాలు ఇవే. జీలుగ గానీ జనుము గానీ వేసి 45, 50 రోజులకు పూత మొదలయ్యేటప్పుడు కలియదున్నితే ఎకరానికి 25 నుంచి 30 కిలోల నత్రజని వస్తుంది. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే, కానీ దాని ముడి విప్పగలిగేది కొన్ని సూక్ష్మజీవుల దగ్గరుండే ఒక్క ఎంజైము, నైట్రోజినేజ్. అదీ మాంసకృత్తే. జీలుగ వేరు బుడిపెల్లో కూర్చుని ఆ పని చేస్తుంది. పని చేస్తుందా లేదా మీరే చూసుకోవచ్చు. మొక్కను మట్టితో సహా పెకిలించి, కడిగి, ఒక బుడిపెను గోటితో కోయండి. లోపల గులాబి రంగుంటే పని జరుగుతున్నట్టు. ఆ రంగు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన ఇంకో మాంసకృత్తిది. తెల్లగనో, పచ్చగనో ఉంటే ఆ బుడిపె ఉత్తదే. వీడియోలో ఇది దగ్గర నుంచి చూపించాను.

ఇక్కడే సీసాల సంగతి కూడా చెప్పాలి. "అమైనో ఆమ్లాల టానిక్" అని లీటరు వందల రూపాయలకు అమ్ముతున్నారు. లేబుల్ చదవండి. నూటికి పది పాళ్ళు అమైనో ఆమ్లాలు అని ఉంటే లీటరులో 100 గ్రాములు. నత్రజని 16 గ్రాములు. రెండు కిలోల శనగపిండిలో దానికి నాలుగు రెట్లుంది. ఆకు మీద పిచికారీ చేస్తే కొంత పచ్చదనం కనిపించొచ్చు, కాదనను. కానీ ఎకరం ఆకలి దాంతో తీరదు.

కొవ్వు: కొంచెమే చెప్తాను

వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కారం తక్కువ, రంగు ఎక్కువ. ఆ ఎర్ర రంగు నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. పచ్చడి మీద తేలే నూనె ఎర్రగా నిగనిగలాడేది అందుకే. కారం కూడా అంతే. నోరు మండితే నీళ్ళు తాగితే పోదు, మజ్జిగ తాగితే తగ్గుతుంది.

పొలంలో దీని అవసరం వేపనూనె దగ్గర. ఆకు మీద మైనం పొర ఉంటుంది, అదీ కొవ్వు జాతే. వట్టి నీళ్ళు దాని మీద నిలవవు, వేపనూనె నీళ్ళలో కలవదు. కుంకుడు రసమో, సబ్బు నీళ్ళో ముందు నూనెలో బాగా గిలక్కొట్టి, తరువాత నీళ్ళు పోయాలి. నేరుగా ట్యాంకులో నూనె పోస్తే నీళ్ళ మీద తేలి మొదట నీళ్ళు, చివర్లో నూనె వస్తుంది. చివరి సాళ్ళ ఆకులు మాడిపోతాయి.

ప్రతి కణం చుట్టూ ఉండే పొర కూడా కొవ్వే, రెండు వరుసలుగా. ఆ కొవ్వులో భాస్వరం ఉంటుంది. అక్కడి నుంచి నాలుగోదానికి పోదాం.

కేంద్రకామ్లం: వంట కాదు, వంట పుస్తకం

డి.ఎన్.ఏ. అంటే ఏ మాంసకృత్తి ఎట్ల కట్టాలో రాసి పెట్టుకున్న పుస్తకం. దాని వెన్నెముకలో చక్కెర, భాస్వరం, చక్కెర, భాస్వరం అని వరుసగా ఉంటాయి. ఈ భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతిని 1925లో అమెరికాలోని హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి చేసింది మన తెలుగాయన, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కణానికి శక్తినిచ్చే ఏ.టి.పి. మీద పని చేసినవాళ్ళలో కూడా ఆయన ముందున్నారు. భూసార పరీక్ష ల్యాబులో మీ మట్టి భాస్వరానికి నీలం రంగు తెప్పించి కొలుస్తారు చూడండి, అది ఆ కుటుంబానికి చెందిన పద్ధతే.

పుస్తకానికీ వంటకీ తేడా తెలియాలంటే పత్తి చాలు. 2002 మార్చిలో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక బాక్టీరియా డి.ఎన్.ఏ. ముక్కను పత్తిలో పెట్టారు. కాయతొలుచు పురుగును చంపేది ఆ ముక్క కాదు, దాన్ని చదివి మొక్క తయారుచేసే మాంసకృత్తి. ఆ తేడా ఎందుకు ముఖ్యం? ముక్క మొక్క బతికినన్నాళ్ళూ ఉంటుంది, మాంసకృత్తి మాత్రం మొక్క ముదిరేకొద్దీ తగ్గుతుంది. రసం పీల్చే పురుగుల మీద అది పనిచేయదు. 1997-98లో మన వరంగల్ పత్తి రైతుల ఇండ్లు కూల్చిన లద్దెపురుగు మీద ఆ మొదటి మాంసకృత్తి ప్రభావం తక్కువే. 2006లో రెండోది కలిపారు. తరువాత గులాబి రంగు పురుగు రెండింటినీ తట్టుకోవడం నేర్చింది. బీటీ విత్తనం కొన్నాం, ఇంక పురుగే రాదు అనుకునేవాళ్ళకు ఈ నాలుగు వాక్యాలు చదివి వినిపించండి.

పుస్తకం చదవడం వల్ల మేలు కూడా జరిగింది. సాంబ మసూరి (బీపీటీ 5204) మనకు ఇష్టమైన బియ్యం, కానీ దానికి బాక్టీరియా ఎండాకు తెగులు ఎక్కువ. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తెగులును తట్టుకునే మూడు జన్యువులను మామూలు సంకరణంతోనే దాంట్లోకి తెచ్చాయి. ఏ పిల్లమొక్కకు ఆ జన్యువులు వచ్చాయో డి.ఎన్.ఏ. గుర్తులు చూసి ఏరారు. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిగా విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు, మన పద్ధతిలో నిస్సంకోచంగా వేసుకోవచ్చు.

పిల్లలకు డి.ఎన్.ఏ. చూపించాలంటే ఒక అరటిపండు చాలు. బాగా మెదిపి, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు కలిపి, పది నిమిషాలాగి బట్టతో వడకట్టండి. ఫ్రిజ్‌లో పెట్టిన స్పిరిట్ గ్లాసు అంచు నుంచి మెల్లగ పోయండి. తెల్లటి దారాల్లాంటివి పైకి లేస్తాయి. సబ్బు కొవ్వు పొరను చింపింది, పుస్తకం బయటపడ్డది. దాంతో పాటు వేరేవి కూడా కొన్ని కలిసి ఉంటాయి గానీ ఇంట్లో చూడ్డానికి అది చాలు.

ఫొటో పంపేముందు

ఈ వానాకాలం పసుపుపడ్డ పొలం ఫొటో పంపేవాళ్ళు మూడు విషయాలు కూడా రాయండి. ముందు పంట గడ్డి ఏం చేశారు, దున్నిన ఎన్ని రోజులకు నాటు పెట్టారు? జీలుగ, జనుము, పెసర ఏదైనా వేశారా? మొక్కలో ముందు పసుపుపడ్డది ముదురు ఆకా, కొత్త ఆకా?

మూడోది ఎందుకంటే, నత్రజని చాలనప్పుడు మొక్క తన ముదురు ఆకులోని మాంసకృత్తులను విడగొట్టి, ఆ అమైనో ఆమ్లాలను కొత్త ఆకుకు పంపుతుంది. అందుకే కింది ఆకులు ముందు పసుపుపడతాయి, పైవి కొంత పచ్చగానే ఉంటాయి. కొత్త ఆకే ముందు పసుపుపడితే అది నత్రజని కథ కాదు, ఇనుమో గంధకమో చూడాలి. అట్లాంటి పొలానికి ఎన్ని డ్రమ్ములు పోసినా, ఎన్ని బస్తాల యూరియా చల్లినా రంగు తిరగదు.

వచ్చే వీడియోలో జీలుగను ఎన్ని నీళ్ళు పెట్టి, ఏ పదును మీద కలియదున్నాలో చూపిస్తాను. విత్తనం ఎకరానికి పది, పన్నెండు కిలోలు ముందే తెచ్చి పెట్టుకోండి, జూన్ వచ్చాక దొరకడం కష్టమైతది.